ఫైర్‌వాల్ ఆపేసే ముందు గుమ్మం దగ్గర చెప్పులు చూడండి

తెనాలిలో మా బాబాయ్ వాళ్ళది మేడ ఇల్లు. కింద ముందు గది ఫొటో స్టూడియో, మిగతాది కాపురం. ముహూర్తాల రోజుల్లో ఒక్కో పెళ్ళికి 64 జీబీ కార్డులు రెండు మూడు నిండిపోతాయి. కార్డులన్నీ కింద స్టూడియో కంప్యూటర్లోకి దించుతారు. ఆల్బమ్ డిజైనింగ్ మాత్రం మా తమ్ముడు సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు పై గదిలో తన ల్యాప్‌టాప్ మీద చేస్తాడు. ఈ రెండు కంప్యూటర్లకీ మధ్య ఉన్నది ఒక మెట్ల వరస. ఆ మెట్ల మీద ఫైళ్ళను మోసేది ఒక పెన్‌డ్రైవ్.

మాఘమాసంలో నేను వెళ్ళేసరికి పిన్ని ఆ పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పిట్టగోడ పట్టుకుని దిగుతోంది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతోంది. "వీడియో ఇందులో ఎక్కట్లేదమ్మా, చోటేమో బోలెడుందంటున్నాడు" అంది. చూస్తే అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపు ఉండాలి. డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా 5 జీబీ వీడియో ఎక్కదు.

"రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి కదా బాబాయ్, నెట్‌వర్క్‌లో పంచుకోవచ్చుగా?" అన్నాను.

"అదీ అయిందమ్మా. రిపేరు కుర్రాడు రెండు పూటలు కూర్చున్నాడు. ఫైర్‌వాల్ అడ్డొస్తోందని రెండిట్లోనూ ఆపేశాడు. అయినా రాలేదు. ఇంక వదిలేశాం."

"మరి ఫైర్‌వాల్ మళ్ళీ ఆన్ చేశాడా?"

బాబాయ్ తమ్ముడి వైపు చూశాడు, తమ్ముడు నా వైపు చూశాడు. ఫైర్‌వాల్ అంటే బయటి నుంచి వచ్చే పిలుపుల్లో దేన్ని కంప్యూటర్ లోపలికి రానివ్వాలో చూసే కాపలా. కార్తీకంలో ఆపినది మాఘం దాకా అలాగే ఉంది. అంటే మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ల్యాప్‌టాప్ విజయవాడ హాస్టల్ వైఫైకీ, అక్కడి నుంచి ఇంటికీ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు.

నాకు ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. అతనికి ఎవరో అలాగే నేర్పారు. ఇంట్లో ఫైళ్ళు కనబడకపోతే ముందు ఫైర్‌వాల్ ఆపి చూడమనే సలహా నేను పని మొదలుపెట్టిన రోజుల నుంచీ వింటున్నాను. ఇప్పటికీ అదే మాట. ఆ సలహా ప్రమాదమని చెప్పేవాళ్ళు కొందరున్నారు. నేను ఇంకో అడుగు ముందుకెళ్ళి చెబుతాను, అది పనికిరాని పరీక్ష కూడా. ఆపాక పని జరిగిందనుకోండి, ఫైర్‌వాల్ దేన్ని ఆపిందో, ఎందుకు ఆపిందో మీకు తెలియదు. ఆపినా పని జరగలేదనుకోండి, తలుపు తీసిపెట్టి వెళ్ళిపోతారు. మా బాబాయ్ ఇంట్లో జరిగింది రెండోది.

అందుకని నేను చేసిన మొదటి పని రెండు కంప్యూటర్లలోనూ ఫైర్‌వాల్ తిరిగి ఆన్ చేయడం. తమ్ముడు "అక్కా, ఆపితేనే రాలేదు, ఆన్ చేస్తే వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను.

ముందు అడగాల్సింది తలుపు సంగతి కాదు, అసలు రెండూ ఒకే వీధిలో, అంటే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అని. రెండిట్లోనూ నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టాం. కింద కంప్యూటర్ చిరునామా 192.168.1.5. పై ల్యాప్‌టాప్ చిరునామా 192.168.0.101. మూడో అంకె దగ్గరే తేడా. అది చూడగానే సగం కథ తెలిసిపోయింది.

పైకి సిగ్నల్ సరిగా రావట్లేదని ఏడాది కిందట ఇంకో రూటర్ కొన్నారట. నెట్ కంపెనీ వాళ్ళ పెట్టె నుంచి తీగ లాగి ఆ రూటర్‌కి పెట్టారు. అది కూడా పూర్తి స్థాయి రూటరే కదా, తన వెనక తనదే ఒక వేరు సంసారం పెట్టుకుంది. తన చిరునామాలు తనే పంచుతుంది. పైనున్న ల్యాప్‌టాప్ కిందికి మాట్లాడితే ఆ రూటర్ తన పేరు మీద చేరవేస్తుంది కాబట్టి వెళుతుంది. కింది నుంచి పైకి మాత్రం దారే లేదు. 192.168.0.101 ఎక్కడుందో కింద పెట్టెకి తెలియదు. ఇక విండోస్‌లో నెట్‌వర్క్ అనే చోట పక్క కంప్యూటర్ల బొమ్మలు కనిపించాలంటే, ఒకదాన్నొకటి వెతుక్కునే కేకలు వీధి మొత్తం వినబడాలి. ఆ కేకలు రూటర్ దాటవు. కుర్రాడు రెండు పూటలూ ఆ నెట్‌వర్క్ విండో వైపే చూస్తూ కూర్చున్నాడట. ఫైర్‌వాల్ ఆపినా, కంప్యూటర్ని నిలువునా విప్పినా అందులో ఆ బొమ్మ వచ్చేది కాదు.

పై రూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాం. ఇప్పుడది వైఫై ఇస్తుంది, తీగలు కలుపుతుంది, కానీ చిరునామాలు పంచే పని కింది పెట్టెదే. ఆ మోడ్ లేని పాత రూటర్ అయితే దాని చిరునామాను కింది పెట్టెతో గొడవ రాకుండా మార్చి, డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపి, కింది నుంచి వచ్చే తీగను వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలోంచి తీసి ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. ల్యాప్‌టాప్‌కి కొత్త చిరునామా వచ్చింది, 192.168.1.9. ఒకే వీధిలోకి వచ్చారు.

(ఇలాంటిదే ఇంకొకటి గెస్ట్ వైఫై. చుట్టాల కోసం పెట్టిన ఆ వైఫైకి ఇంట్లో కంప్యూటరే తగులుకుని ఉంటే మిగతావి కనబడవు, కనబడకూడదనే అది పెట్టేది. ఈ మాట చాలా ఇళ్ళలో చెప్పాల్సి వచ్చింది.)

పై నుంచి కిందికి పింగ్ కొట్టాం, అంటే ఉన్నావా అని పిలిచాం. జవాబు లేదు. టైమ్డ్ ఔట్, టైమ్డ్ ఔట్, నాలుగుసార్లు. తమ్ముడి మొహం వాడిపోయింది. "చూశావా అక్కా, ఫైర్‌వాలే."

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పింగ్‌కి జవాబు రాకపోతే తీగ తెగినట్టు కాదు. విండోస్ ఫైర్‌వాల్ తెలియని చోట పింగ్‌కి కూడా పలకదు. మనం కొట్టిన తలుపుకి ఎవరూ పలకలేదు, అంతవరకే తెలిసింది. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే గుమ్మం దగ్గర చెప్పులు చూడాలి. పింగ్ కొట్టిన వెంటనే అదే నల్ల తెర మీద ఏఆర్‌పీ అని కొట్టి, కాస్త జాగా వదిలి, అడ్డగీత పక్కన 'ఏ' అనే ఇంగ్లీషు అక్షరం పెడితే (arp -a) ఒక పట్టిక వస్తుంది. ఒక పక్క ఐపీ చిరునామాలు, ఇంకో పక్క నెట్‌వర్క్ కార్డుల అసలు నంబర్లు. 192.168.1.5 ఎదురుగా రెండేసి అక్షరాలు అంకెలు చొప్పున ఆరు జతల నంబరు కనబడింది. స్టూడియో కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుదే అది. ఒకే వీధిలో ఉన్న కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు ఆ నంబరు అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్నకి జవాబివ్వకుండా విండోస్ ఫైర్‌వాల్ ఆపదు, అది ఇంకా కింది మెట్టు వ్యవహారం. కాబట్టి పింగ్ పలకక, ఈ నంబరు మాత్రం కనబడితే, తీగ బాగుంది, వైఫై బాగుంది, మనిషి ఇంట్లోనే ఉన్నాడు. తలుపు మాత్రం వేసుకున్నాడు. ఆ నంబరు కూడా రాకపోతే ఫైర్‌వాల్‌ని తిట్టి లాభం లేదు, తీగో రూటరో చూసుకోవాలి.

ఒక నిమిషం పని ఇది. ఆ రెండు పూటల్లో ఎవరూ దీన్ని చూడలేదంటే నాకు బాధ కలుగుతుంది. చూసి ఉంటే రెండు సంసారాల సంగతి అప్పుడే బయటపడేది.

తలుపు వేసి ఉందని తేలాక, ఎందుకు వేసి ఉందో చూడాలి. కింది కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఈ కనెక్షన్ ఎదురుగా పబ్లిక్ అని ఉంది. ఎప్పుడో మొదటిసారి నెట్ తగిలించినప్పుడు, ఈ నెట్‌వర్క్‌లో మిగతా వాటికి కనబడమంటావా అని విండోస్ అడిగి ఉంటుంది, ఎవరో వద్దు అని నొక్కి ఉంటారు. విండోస్ 11లో అయితే కొత్త నెట్‌వర్క్ ఏదైనా ముందు పబ్లిక్‌గానే లెక్క. పబ్లిక్ అంటే బస్టాండ్. అక్కడ ఎవరు పిలిచినా పలకవద్దని దానికి చెప్పినట్టు. ఇల్లని మనం చెప్పలేదు, అది బస్టాండ్ అనుకుంది, చెప్పినట్టే నడుచుకుంది. ఇందులో ఫైర్‌వాల్ చేసిన తప్పేమిటి?

ప్రైవేట్ అని మార్చాం. షేరింగ్ సెట్టింగుల్లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేశాం. పై ల్యాప్‌టాప్ పవర్‌షెల్‌లో (ఆదేశాలు కొట్టే ఇంకో తెర) టెస్ట్‌నెట్‌కనెక్షన్ (Test-NetConnection) ఆదేశానికి 445 పోర్టు ఇచ్చి చూస్తే, ఇందాక ఫాల్స్ అన్నది ఇప్పుడు ట్రూ అంది. విండోస్ 2000 నుంచీ ఫైళ్ళు పంచుకునే తలుపు నంబరు ఈ 445. పంచే కంప్యూటర్ వైపు ఈ ఒక్క తలుపు తెరుచుకుంటే చాలు. ఎదుటి కంప్యూటర్ బొమ్మ నెట్‌వర్క్ విండోలో కనిపించకపోయినా ఫర్వాలేదు, పైన చిరునామా పట్టీలో వెనక్కి వాలిన గీతలు రెండు పెట్టి 192.168.1.5 అని కొడితే నేరుగా వెళ్ళిపోవచ్చు. కనిపించడం వేరు, అందడం వేరు. ఈ రెండిటినీ కలిపేసుకుని గంటలు పోగొట్టుకున్నవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఇంకో విషయం. ప్రైవేట్ అని చెప్పినా ఫైర్‌వాల్ తలుపు బార్లా తీయదు. ఫైల్ షేరింగ్ నియమంలో లోకల్ సబ్‌నెట్ అని ఉంటుంది. ఒకే వీధి చిరునామా ఉన్నవాళ్ళకి మాత్రమే ఆ 445 తెరుచుకుంటుంది. మన ఇంటివాళ్ళెవరో, బయటివాళ్ళెవరో తేడా తెలిసిన కాపలా అది. దాన్ని ఇంటికి పంపేసి తలుపు తీసిపెట్టుకోవడం దేనికి?

అయినా ఫోల్డర్ తెరుచుకోలేదు. పేరూ పాస్‌వర్డూ అడిగింది. బాబాయ్ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ లేదు, ఆన్ చేస్తే నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. ఖాళీగా వదిలి నొక్కితే ఒప్పుకోలేదు. ఇది ఫైర్‌వాల్ పనే కాదు. పాస్‌వర్డ్ లేని ఖాతాతో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని మాత్రమే లోపలికి వెళ్ళొచ్చు, నెట్‌వర్క్ మీద రాకూడదని విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. నాలుగంకెల పిన్‌తో తెరిచేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. పిన్ ఆ కంప్యూటర్‌కి మాత్రమే చెల్లుతుంది, పక్క కంప్యూటర్ నుంచి వచ్చేటప్పుడు ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. చాలామందికి అది గుర్తే ఉండదు.

స్టూడియో కంప్యూటర్‌లో ఆల్బమ్ అని కొత్త లోకల్ ఖాతా తెరిచి మంచి పాస్‌వర్డ్ పెట్టాం. పెళ్ళిళ్ళ ఫోల్డర్ ఒక్కటే షేర్ చేసి, ఆ ఖాతాకి అనుమతి ఇచ్చాం. అనుమతులు రెండు చోట్ల ఉంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండిటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. ఒకచోట అన్నీ ఇచ్చి ఇంకోచోట మరిచిపోతే లోపలికి వెళ్ళాక యాక్సెస్ డినైడ్ అంటుంది. పైన పేరు అడిగినప్పుడు ఉత్త ఆల్బమ్ అని కాకుండా ముందు స్టూడియో కంప్యూటర్ పేరు, వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత ఆల్బమ్ అని కొట్టమన్నాను. ఫోల్డర్ తెరుచుకుంది. పై ల్యాప్‌టాప్‌లోనూ పూర్తయిన పేజీల ఫోల్డర్‌ని ఇదే పద్ధతిలో పంచాం, బాబాయ్ కింది నుంచే చూసుకోవడానికి.

దోషం ఎక్కడుందో అంకెలే చెబుతాయి, వినే ఓపిక ఉంటే. షేర్ చేసిన ఫోల్డర్‌కి కలిపే నెట్ యూజ్ (net use) ఆదేశంతో ప్రయత్నిస్తే 53 వచ్చిందంటే దారి దొరకలేదు. 1326 అంటే దారి దొరికింది, పేరో పాస్‌వర్డో తప్పు. 5 అంటే లోపలికి వచ్చావు గానీ ఆ గదికి నీకు అనుమతి లేదు. ఈ మూడింటికీ వైద్యాలు వేరు వేరు. మూడింటికీ ఫైర్‌వాల్ ఆపేయడమే మందంటే, కడుపు నొప్పికీ కాలు విరిగినదానికీ ఒకే గోళీ ఇచ్చినట్టు.

ఇంట్లో రూటర్ ఉంది కదా, బయటివాళ్ళు ఎలాగూ లోపలికి రాలేరు, ఇక లోపల ఫైర్‌వాల్ ఎందుకని బాగా చదువుకున్నవాళ్ళే నాతో వాదించారు. ఆ వాదనలో బలముంది, అందుకే జవాబు చెప్పాలి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు విండోస్ కంప్యూటర్లను కుదిపేసింది. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేదు, 135 పోర్టు తెరిచి ఉంటే చాలు, దానంతట అదే వచ్చేది. ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉంది, కాకపోతే ఆపి ఉండేది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తోనే అది ముందుగానే ఆన్ అయి రావడం మొదలైంది. అంటే ఈ కాపలా ఎవరో సరదాకి పెట్టింది కాదు, దెబ్బ తిన్నాక పెట్టుకున్నది.

2017 మే 12న వచ్చిన వన్నాక్రై ఇంకా ఘోరం, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే పురుగు అది. ఫైళ్ళు పంచుకోవడానికి విండోస్ వాడిన పాత పద్ధతి ఎస్‌ఎంబీ1లోని లోపం పట్టుకుని 445 తలుపు గుండా ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి పాకింది. ఆ లోపానికి మందు, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, మార్చి 14నే వచ్చింది, రెండు నెలలు వేసుకోనివాళ్ళు బలయ్యారు. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దెబ్బతిన్నాయి. ఇక్కడ గమనించాల్సింది, ఒక్కటి చిక్కితే చాలు, రూటర్ లోపల ఉన్నవాటికి రూటర్ ఏ రక్షణా ఇవ్వదు. అవన్నీ ఇంట్లోవాళ్ళే కదా. అప్పుడు కాపాడేది ఒక్కో కంప్యూటర్ తలుపు దగ్గర నిలబడిన ఫైర్‌వాల్.

పైగా ఇప్పుడు ఐపీవీ6 (కొత్త తరం చిరునామాల పద్ధతి) ఇచ్చే కనెక్షన్లలో ఇంట్లో ఒక్కో పరికరానికీ బయటి లోకానికి చెల్లే సొంత చిరునామా వస్తోంది. పాత రోజుల్లో రూటర్ తన పేరు వెనక అందరినీ దాచినట్టు ఇక్కడ దాచదు. రూటర్‌లోని ఫైర్‌వాల్ సరిగా ఉంటే సరే. లేకపోతే?

మా తమ్ముడి ల్యాప్‌టాప్ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఇంటి కోసం ఆపిన ఫైర్‌వాల్ ఇంట్లోనే ఉండిపోదు. అది ఆగిపోయి ఉండగానే హాస్టల్ వైఫైలోకి, ముక్కూమొహం తెలియని కంప్యూటర్ల మధ్యకి వెళ్ళింది. అక్కడి నుంచి తిరిగొచ్చి స్టూడియో పక్కన కూర్చుంది. స్టూడియోలో ఏమున్నాయి? ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు. ఏ కంపెనీ ఫైలో పోతే మళ్ళీ తయారు చేసుకోవచ్చు. ఒక అమ్మాయి మెడలో మూడు ముళ్ళు పడ్డ క్షణం పోతే బాబాయ్ ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటికి వెళతాడు? అప్పగింతల్లో ఏడ్చిన తండ్రిని మళ్ళీ ఏడవమంటాడా? కార్డులు చెరిపేసి తర్వాతి పెళ్ళికి వాడేస్తారు. ఆ ఫొటోలు ఆ ఒక్క డిస్కులోనే ఉంటాయి. (బయటి డిస్కు ఒకటి కొనిపించి, కాపీ చేయగానే తీగ పీకేసి బీరువాలో పెట్టమన్నాను. తగిలించి ఉంచితే దానికీ అదే గతి.)

కుర్రాడు ఇంకో పని కూడా చేశాడని తర్వాత కనిపించింది. విండోస్ ఫీచర్ల పట్టికలో ఎస్‌ఎంబీ 1.0కి టిక్ పెట్టాడు. వన్నాక్రై దూరిన సందు అదే. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి దాన్ని కొత్త కంప్యూటర్లలోంచి తీసేస్తూ వచ్చారు. రెండు కొత్త విండోస్‌ల మధ్య ఫైళ్ళు పంచుకోవడానికి దానితో ఏ పనీ లేదు. టిక్ తీసేశాను. స్టూడియో కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10, దానికి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మందు రాని కంప్యూటర్‌కి కాపలా కూడా తీసేస్తే ఇంకేం మిగిలింది?

పాస్‌వర్డ్ అడక్కుండా ఎవరైనా రావచ్చని పెట్టేస్తే పోలేదా అనేవాళ్ళకీ ఒక మాట. ఆ దారి కూడా మూసుకుపోతోంది. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 కూర్పు నుంచి పేరు లేని అతిథిగా ఎదుటి కంప్యూటర్‌లోకి వెళ్ళడాన్ని ముందే ఆపేసి ఉంచుతున్నారు. ఖాతా తెరిచి పాస్‌వర్డ్ పెట్టుకోవడానికి పట్టేది అయిదు నిమిషాలు.

ఆ సాయంత్రం మొదటి కార్డు ఫోల్డర్ పైకి వెళ్ళడానికి గంటన్నర పట్టింది. పై రూటర్ రంధ్రాలు 100 మెగాబిట్‌వి, సెకనుకి 11 మెగాబైట్లు దాటవు. మర్నాడు తమ్ముడు తీగలు కలిపే అయిదు రంధ్రాల గిగాబిట్ స్విచ్ తెచ్చి మధ్యలో పెట్టాడు. తీగలు మంచివే కాబట్టి అదే ఫోల్డర్ పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడు చిరునామా మారిపోకుండా కింది పెట్టెలో 192.168.1.5ని స్టూడియో కంప్యూటర్ పేరిట కట్టేశాం.

నెల రోజుల తర్వాత బాబాయ్ ఫోన్ చేశాడు. నెట్ కంపెనీ వాళ్ళు పాత పెట్టె పాడైందని కొత్తది పెట్టి వెళ్ళారట, ఫోల్డర్ మళ్ళీ రావట్లేదట. పెట్టె మారితే విండోస్‌కి అది కొత్త ఊరే. నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అన్నాడు, "కంగారు పడకు, ఫైర్‌వాల్ జోలికి పోలేదులే. నువ్వు చూపించిన పట్టిక తీశానమ్మా, నంబరు కనబడుతోంది. అంటే ఇంట్లోనే ఉన్నాడు, తలుపేసుకున్నాడు. ఇదిగో, పబ్లిక్ అని ఉంది ఇక్కడ. మార్చనా?"